వదులైన నట్టు
(కాలు మోపని పందెం: తొమ్మిదవ భాగం)

గడ్డివాము పక్కన ఎలుకలకు కాపురమిచ్చి పడివున్న పాత ఏరియల్ మోటారు సైకిలు మళ్లీ ఊపిరి పోసుకున్నదాకా మన కథ వచ్చింది. ఎర్రగుంట్లలో లారీలు తిప్పే ఓబుళరెడ్డి దాన్ని బయటికి లాగించి ఇద్దరు మేస్త్రీలకు పంచిపెట్టాడు. ఇంజను దేవేంద్రప్పకు, చక్రాలూ గేర్లూ ఆనందానికి. కర్నూలు రాజధాని అయ్యాక గుడారాల్లోకి ఆఫీసులతోపాటు సరదాలు కూడా దిగాయి గదా, అక్కడి మోటారు క్లబ్బు వాళ్లు ఎర్రగుంట్ల దగ్గర పాడుబడిన నాపరాతి గనిలో ఒక పందెం పెట్టారు. అందులో వేగంతో పనిలేదు. గనిలోని రాతి మెట్లమీదుగా బండి గట్టెక్కాలి, నడిపేవాడి కాలు నేల తాకకూడదు. తాకినప్పుడల్లా ఒక మార్కు పోతుంది. బండి నడుమ ఆగిపోతే అంతా పోతుంది. ఆ కప్పు ఎవడు గెలిచి తెస్తే నా లారీ షెడ్డు పెత్తనం వాడిదే అని రెడ్డి పదిమందిలో అన్నాడు. అని, బండి నడపమని ఆనందానికి చెప్పాడు. ఆ మాట దేవేంద్రప్ప గుండెలో దిగబడిన చోట పోయినవారం ఆగాం.

ఇక ఆదివారం తెల్లవారింది.

ఆనందం ఉతికిన తెల్లచొక్కా తొడుక్కొని, బైబిలు చంకన పెట్టుకొని షెడ్డు గడపలో నిలబడ్డాడు.

"అన్నా, గుళ్లో ఈపొద్దు ప్రభువు సంస్కారపు రొట్టె ఇస్తారు. పోయొస్తా. బండి నీ చేతిలో పెట్టి పోతాండా."

"పందెం రోజే గుడి గుర్తొచ్చెనా?" అన్నాడు దేవేంద్రప్ప.

"నేనేం జేసేదన్నా. శనారం అనుకున్న పందేన్ని క్లబ్బోళ్లు ఆదివారానికి జరిపిరి. మాయమ్మ నిన్నట్నుంచి నాతో మాట్లాడల్యా."

"కప్పు తెస్తే మాట్లాడతాదిలేప్పా."

"కప్పు ఎవురన్నా తేనీ. నా మగ్గులో టీ పడితే చాలు," అని ఆనందం నవ్వి, గోడ మేకుకు తగిలించిన ఎనామెల్ మగ్గును వేలితో మీటి వెళ్లిపోయాడు.

మగ్గు మోగడం ఆగింది. దేవేంద్రప్ప చెవిలో మాత్రం ఆగలేదు.

ఆ మగ్గు యుద్ధం నుంచి వచ్చింది. మిలిటరీలో మోటారు సైకిళ్లు బాగుచేసి, తెల్లదొరల దగ్గర పని నేర్చుకొని ఆనందం కమలాపురం తిరిగొచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే. ఈ షెడ్డులో చేరిన కొత్తలో రెడ్డి ఇంటి జీతగాడు ఆ మగ్గులో టీని ఎత్తునుంచి, దూరంనుంచి పోసేవాడు. ఆ మగ్గుకు వేరే మేకు కొట్టించింది దేవేంద్రప్పే. అది ఉండవలసిన పద్ధతి అనుకున్నాడు. ఇప్పుడో, రెడ్డి తానే టీ చెంబు పట్టుకొని వస్తాడు, పాత టైరు మీద కూర్చుంటాడు, ఆ మగ్గు నింపుతాడు, గేర్ల సంగతి అడుగుతాడు. దేవేంద్రప్ప ఇత్తడి గ్లాసును జీతగాడు నింపి పోతాడు. వేరే మేకుకు వేలాడే మగ్గుకు వచ్చిన మర్యాద తన గ్లాసుకు లేకుండా పోయిందెట్లా అని అతనికి అర్థం కాలేదు. లోకం తీరే అంత. పాత చెప్పు గుమ్మం బయట ఉంటుంది, కొత్త చెప్పును చేతిలో పట్టుకొని చూస్తారు.

ఆదోని జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా ఉన్నవాణ్ణి రెడ్డి తండ్రి బతిమాలి తెచ్చుకున్నాడు. ఆ ఇంట మొదటి లారీ కొన్ననాటి నుంచి అది దగ్గితే దేవేంద్రప్ప రావాలి, అది తుమ్మితే దేవేంద్రప్ప రావాలి. బడి మానేసి తండ్రి కొలిమిలో తిత్తి పట్టినవాడికి అంతకన్న పెద్ద చదువు అక్కర్లేదనుకున్నాడు. ఈ ఏరియల్ బండికీ ఏం తక్కువ చేశాడు? అరిగిపోయిన కార్బురేటరుకు ఇత్తడి తొడుగు చేసి వేశాడు. వాల్వులను అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పి తిప్పి కూర్చోబెట్టాడు. ఇప్పుడా ఇంజను నెమరువేసే ఎద్దులాగా నింపాదిగా కొట్టుకుంటుంది, ఎంత తగ్గించినా ఆరిపోదు. కానీ చూడవచ్చిన వాళ్లంతా ఆనందం పైకి వంచి కట్టిన పొగగొట్టాన్ని, వెనక్కి జరిపి అతికించిన కాలిపెగ్గులను, పెద్ద పళ్ల చక్రాన్ని తడిమి పోయారు. ఇంజను పని లోపల ఉంటుంది. లోపలి పనికి పేరు రాదు.

"ఏమయ్యా, ఇంగా తినల్యా?"

దేవేంద్రప్ప భార్య సుంకులమ్మ జొన్నరొట్టెలూ చెనిక్కాయల పొడీ గుడ్డలో కట్టుకొని వచ్చింది. మూట బల్లమీద పెట్టి చుట్టూ చూసింది.

"ఆనందం గుడికి పోయినాడా? పాపం, పోతా పోతా మన బాయి గిలక ఇరుసుకు కొత్త బుష్షు కొట్టి పోయినాడు. ఎంత చేదినా ఇప్పుడు కుయ్యిమనదు."

"వాణ్ణెవరు కొట్టమనిరి?"

"నేనే. నీకు ఉగాది నుంచి చెప్తాండా. మొగుడు ఫిట్టరంట, ఇంట్లో గిలక ఏడుపంట అని వీధంతా నగుతాండ్రి."

"నగనీ."

"ఆ పిల్లోని చేతిలో ఏదో గుణముండాది."

"పిల్లోడంట. ముప్పై దాటినాయి వానికి."

"నీకు యాబైకి దగ్గర పడల్యా? అయినా చిన్నబిడ్డ లెక్క వాని మగ్గు దిక్కు చూసి మొగం మాడ్చుకుంటాండావు," అని ఆమె రొట్టె తుంచి అతని చేతిలో పెట్టింది. "తిను. వానితో పోటీ యాల నీకు? వానిది వానికి, నీది నీకు."

నాదేదే నాకు, అని అడగబోయి రొట్టె నోట్లో పెట్టుకున్నాడు. సుంకులమ్మ ఖాళీ గుడ్డ దులుపుకొని వెళ్లిపోయింది. షెడ్డు పక్కనే ఉన్న బాయి దగ్గర ఎవరో నీళ్లు చేదుతున్నారు. చప్పుడు లేదు. ఇన్నాళ్లూ విసుగు పుట్టించిన ఆ గిలక కీచు కోసం దేవేంద్రప్ప చెవులు రిక్కించి, వినబడక, బండి వైపు తిరిగాడు.

ఊరికే నిలబడలేక వెనక టైరును బొటనవేలితో నొక్కాడు. వేలు మెత్తగా దిగింది.

మళ్లీ నొక్కాడు. గాలి లేదు. ముందు టైరూ అంతే.

దేవేంద్రప్ప కడుపులో చల్లటి నీళ్లు పోసినట్టయింది. చూశావా, తెల్లదొరల దగ్గర నేర్చిన పని. పందెం పొద్దున టైరులో గాలి చూసుకోనివాడు షెడ్డు ఏలతాడట. పంపు తీసుకొచ్చి వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు. రెడ్డి వచ్చినప్పుడు ఏమనాలో మాటలు కూడా వెతుక్కున్నాడు: వాడు మరిచిపోతే నేను కొట్టినాన్లే రెడ్డీ, పిల్లోడు గదా.

గాలి కొట్టే వాల్వు మూత తీయబోతూ ఆగాడు. వాల్వుకు ఎదురుగా, రిమ్ము అవతలి వైపున, మరమేకు ఒకటి పొడుచుకొచ్చి ఉంది. దానిమీద ఒక నట్టు. ఏ బండి చక్రానికీ అక్కడ నట్టు ఉండగా అతను చూడలేదు.

టైరును రెండు చేతులా పిసికి లోపల ఏముందో తడిమాడు. నిదానంగా అర్థమైంది. ఆనందం లారీ కమాను పట్టీ కోసి, రిమ్ము వంపుకు ఆకురాయి పట్టి, టైరు లోపల పెట్టి, ఆ మరతో బయటికి బిగించాడు. ఆ పట్టీ టైరు అంచును రిమ్ముకు అదిమి పట్టుకుంటుంది. గాలి మరిచిపోయి కాదు, కావాలని తగ్గించాడు. గాలి తక్కువుంటే టైరు మెత్తబడి రాతిని పిల్లి పంజాలాగా పట్టుకుంటుంది. కానీ మెత్తని టైరుతో ఒక చిక్కుంది. ఇంజను గట్టిగా లాగినప్పుడు చక్రం తిరుగుతుంది, టైరు తిరగదు. లోపలి ట్యూబు ముడతపడి వాల్వు మొదట్లో చిరుగుతుంది. అలా చిరక్కుండానే ఈ నట్టు.

పోయిన పక్షంలో ఆనందం ఏదో ఇనుపముక్కకు రోజుల తరబడి ఆకురాయి పడుతుంటే, ఏందప్పా అది అని అడిగాడు తాను. చూస్తావులేన్నా అన్నాడు వాడు. ఇదిగో, చూశాడు.

పని చెడ్డదైతే ఎంత బాగుండేది. పని బాగుంది. వంక పెట్టడానికి గోరు దూరే సందు లేదు. తన చేతులు ఇన్నేళ్లు ఇనుము మధ్య తిరిగినా తనకు తట్టని పని అది. చేతకానివాడు అసూయపడితే లోకం నవ్వి ఊరుకుంటుంది. చేతనైనవాడి అసూయ వేరు. ఎదుటివాడి పని ఎంత గొప్పదో వాడికి మాత్రమే అణువణువూ తెలుస్తుంది. అందుకే అది ఎక్కువ కాలుతుంది.

పంపు పక్కన పెట్టాడు. పానా తీసుకున్నాడు.

చావడు గదా, అనుకున్నాడు. నడిమెట్టు మీద ట్యూబు చిరుగుతుంది, బండి నిలిచిపోతుంది, అంతే. చక్రం ఓడిపోతుంది. ఇంజను మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. అప్పుడు వింటారు అందరూ, ఏది ఆగిందో, ఏది ఆగలేదో.

నట్టు గట్టిగా ఉంది. మొదట కదలనన్నది, తర్వాత కదిలింది. వేలికి ఆడేదాకా విప్పి, పానా తుడిచి జేబులో వేసుకున్నాడు.

వేసుకున్నాడో లేదో బయట జీపు ఆగింది. క్లబ్బు కార్యదర్శి దిగాడు. ఖాకీ నిక్కరు, నెత్తిన టోపీ, చేతిలో ఎర్రరంగు డబ్బా. అతని వెనకే ఓబుళరెడ్డి. పందెం బండ్లన్నిటికీ ముఖ్యమైన నట్లమీద రంగు పూయడం వాళ్ల పద్ధతి.

"ఈ రంగు పడ్డాక పానా తగలకూడదు. తగిలితే బండి పందెంలో లేనట్టే," అంటూ కార్యదర్శి కుంచె ముంచి ఒక్కొక్క నట్టే పూసుకుంటూ వెనక చక్రం దగ్గరికొచ్చి, వంగి చూశాడు. "ఇదేమిటి, కొత్తగా ఉందే?"

దేవేంద్రప్పకు చెప్పక తప్పలేదు. టైరు జారకుండా పట్టుకునే పట్టీ అని వివరంగా చెప్పాడు. కాసేపటి కింద తెలిసినదాన్ని కలకాలంగా తెలిసినట్టు చెప్పాడు.

"భలే పని. ఎవరి ఆలోచన?"

రెడ్డి అటువైపు తిరిగి లైటు చూస్తున్నాడు.

"మా షెడ్డులోనే చేసినాం," అన్నాడు దేవేంద్రప్ప.

కార్యదర్శి తలూపి, కుంచె నిండా రంగు తీసుకొని ఆ నట్టుమీద ఉదారంగా పూశాడు. రంగు నట్టు మీదినుంచి కిందికి కారింది.

పందెం వేళకు గని అంచులు జనంతో నిండిపోయాయి. నాపరాతిని పొరలు పొరలుగా తీసుకుపోయిన గని అది, మిగిలినదంతా మెట్లే. కింది మెట్లు వెడల్పు. నడుమ ఒక చదును. అక్కడ మళ్లీ ఈల వేసేదాకా బండి నిలిపి కాలు దించవచ్చు. ఆ పైన అసలు కష్టం. నిటారు మెట్లు, ఒకవైపు గోడ, ఇంకొకవైపు పచ్చగా నీళ్లు నిలిచిన లోతు గుంత. దేవేంద్రప్ప ఆ గుంతను మునుపెన్నోసార్లు చూశాడు. ఈ పొద్దున పానా తిప్పేటప్పుడు మాత్రం అది కళ్లకు కట్టలేదు. ఇప్పుడు కట్టింది. వాడు రానీ, ఏదో ఒకటి చెప్పి ఆపుతా అనుకున్నాడు.

ఆనందం వచ్చాడు. తెల్లచొక్కా మార్చలేదు. బైబిలు చంకలోనే ఉంది. ఆ వెనక కొంచెం దూరంలో అతని తల్లి రాహేలమ్మ కొంగు నెత్తిన కప్పుకొని నిలబడింది.

"నేను ఎక్కను రెడ్డీ," అన్నాడు.

"ఏందిరా?"

"ప్రభువు దినాన పందెం కాసేవాళ్లు ఈ రొట్టెకు చెయ్యి చాపొద్దని గుళ్లో అయ్యగారు చెప్పినారు. మాయమ్మ పక్కనే ఉండాది. నేను చాపినా. రొట్టె తీసుకున్నా. తీసుకున్నాక మాట తప్పేదెట్ల?"

"కప్పు పోతాది కదరా. షెడ్డు పోతాది."

"పోనీ రెడ్డీ." ఆ మాట అనడానికి ఆనందానికి ఎంత ఖర్చయిందో అతని మెడ నరాల్లో కనబడింది. "దేవేంద్రన్న ఉండాడు గదా. ఇంజను ఆయన మాట ఇంటాది. ఆయన్ను ఎక్కనీ. గెలిస్తే షెడ్డు ఆయనదే."

ఏ మాట కోసం దేవేంద్రప్ప ఇన్ని నెలలు నిద్ర చెడగొట్టుకున్నాడో ఆ మాట వచ్చింది. ఎవరి నోట రాకూడదో ఆ నోట వచ్చింది.

"నేనెక్కను," అన్నాడు.

"ఎందుకెక్కవు?" రెడ్డి గొంతు లేచింది. "నన్నెందుకు ఎక్కనీరని నిన్నటిదాకా మూతి ముడుచుకొని తిరిగితివి. ఇప్పుడు ముగ్గు పోసి పిలవల్నా?"

"అది గాదు రెడ్డీ. వెనక చక్రం ఒకసారి చూసి..." చెయ్యి జేబులోకి పోయింది. పానా తగిలింది.

"రంగు పడింది మేస్త్రీ," అన్నాడు కార్యదర్శి.

వెనక చక్రం చూడాలన్న మాట ఆనందానికి గుచ్చుకుంది. చక్రాలు అతనివి.

"నా చక్రం నువ్వేం చూస్తావులేన్నా. నిద్రపోతా కూర్చున్నా నిన్ను గట్టెక్కిస్తాది. నువ్వు నీ ఇంజను ఆరిపోకుండా చూసుకో, చాలు."

జనం ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుల్లో, జనంలో నిలబడ్డ సుంకులమ్మ నవ్వు కూడా దేవేంద్రప్పకు విడిగా వినబడింది. అంతకు ముందు క్షణం నాలుక చివరిదాకా వచ్చిన నిజం, ఆ నవ్వుతో వెనక్కి పోయింది. చెప్పేదేముంది? చెబితే ఇక ఈ ఊళ్లో తన చేతికి సైకిలు కూడా ఎవరూ ఇవ్వరు. చెప్పకపోతే ఆ మెట్లు. లుంగీ ఎగగట్టి బండెక్కాడు.

ఇంజను ఒక్క తాపుకే పలికింది.

మొదటి మెట్టు మీదికి ముందు చక్రం లేచింది. దేవేంద్రప్ప పెగ్గులమీద నిలబడి, క్లచ్చి సగం పట్టి, సగం విడిచి, ఇంజను శబ్దాన్ని మాత్రమే వింటూ పోనిచ్చాడు. బండి తొందరపడలేదు. రాతిని రాతిని పరామర్శించుకుంటూ ఎక్కింది. మెత్తని టైరు అంచుల్ని కరుచుకుంది. దేవేంద్రప్ప ఒక్కసారి కూడా కాలు దించలేదు. గట్టుమీద ఎవరో "మేస్త్రీ, భేష్" అన్నారు. ఆ మాట తీపి అతని నాలుకకు తగలలేదు, అతని ప్రాణమంతా వెనక చక్రంలో ఉంది. ప్రతి మెట్టు దగ్గరా వెనకనుంచి చిన్న కుదుపు వస్తోంది. ఏదో జారి, ఆగి, మళ్లీ జారుతున్నట్టు.

నడిమి చదును వచ్చింది. బండి ఆపి ఎడమకాలు నాపరాతి మీద పెట్టాడు.

ఆనందం గట్టు వెంబడి పరుగెత్తుకుంటూ వచ్చాడు. మొగమంతా వెలుగు. ఈర్ష్య అనేది ఆ మొగంలో మచ్చుకైనా లేదు.

"అన్నా, ఏం నడిపితివన్నా. నా వల్లా అయ్యేది గాదు," అంటూ అలవాటుగా వెనక చక్రం పక్కన కూర్చుని టైరుమీద చెయ్యి వేశాడు.

చెయ్యి ఆగింది.

దేవేంద్రప్ప తల తిప్పి చూశాడు. నిటారుగా ఉండవలసిన వాల్వు, గోడకు ఆనుకున్న తాగుబోతులాగా పక్కకు వాలిపోయి ఉంది. ఇంకొక్క గట్టి లాగు చాలు. ఆనందం వేళ్లు వాల్వు మీదినుంచి మెల్లగా అవతలికి, ఆ నట్టు దగ్గరికి పోయాయి. నట్టు వేలికి ఊగింది. వంగి చూశాడు. నట్టు కింద, మర మెలికల్లో, లోపలిదాకా ఎర్రరంగు కారి ఎండి ఉంది. గట్టిగా బిగించి ఉన్న నట్టు కిందికి రంగు పోదు. అంటే రంగు పూసే వేళకే అది వదులుగా ఉంది. తాను గుడికి పోయేటప్పుడు గట్టిగా ఉంది. ఆ నడుమ షెడ్డులో ఉన్నది ఒక్కడే.

ఆనందం తలెత్తాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. అడిగినవాడు లేడు, చెప్పినవాడు లేడు, అయినా చెప్పవలసిందంతా చెప్పడం అయిపోయింది. ఆ నట్టు వదులు చేసినప్పుడు ఈ బండి ఎవడు ఎక్కుతాడని అనుకున్నాడో కూడా ఆనందానికి తెలిసిపోయింది. ఒకసారి పక్కనున్న పచ్చటి గుంతలోకి చూశాడు. తర్వాత వేళ్లకంటిన దుమ్మును తెల్లచొక్కాకు నిదానంగా తుడుచుకున్నాడు.

"ఏం మేస్త్రీలూ, బండికి ఏమైనా అయ్యిందా?" పైనుంచి కార్యదర్శి అడిగాడు. "చెప్పండి. లేకుంటే ఈల వేస్తున్నా."

దేవేంద్రప్ప ఆనందం వైపే చూశాడు. ఆనందం లేచి నిలబడ్డాడు. అతని గొంతు మామూలుగా, అందరికీ వినబడేటంత స్పష్టంగా ఉంది.

"ఏం కాలేదు సార్. చక్రం బాగుండాది." ఆ తర్వాత దేవేంద్రప్ప చెవి దగ్గరికి వంగి, ఇంజను చప్పుడులో కలిసిపోయేటంత నెమ్మదిగా అన్నాడు. "పో అన్నా. నువ్వు బిగించిన నట్టే గదా. పో."

రాహేలమ్మ గట్టుమీద నిలబడి కొడుకునే చూస్తోంది.

ఈల మోగింది. ఇంజను నెమరువేస్తూనే ఉంది. దేవేంద్రప్ప కుడికాలు పెగ్గుమీద ఉంది. ఎడమకాలు ఇంకా నాపరాతి మీదే ఉంది.